గారెల పిండి, కాంక్రీటు, మన విశాఖ గాలి

(విశాఖపట్నంలో సైట్ ఇంజినీర్లు, తాపీ మేస్త్రీలు, డిప్లొమా విద్యార్థులు కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. ప్రశ్నలు అడిగినవారి పేర్లు తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, మైకులో దాని చప్పుడే వినపడుతోంది. ఇవాళ మాట్లాడేది గాలి గురించే గానీ, మరీ ఇంత గాలి అక్కర్లేదు.

నన్ను పిలిచినవాళ్లు ఇచ్చిన విషయం "వేడి ప్రాంతాల్లో ఎయిర్ ఎంట్రైన్డ్ కాంక్రీటు". కావాలని సన్న గాలి బుడగలు పుట్టించిన కాంక్రీటు అన్నమాట. పేరు వింటే బరువుగా ఉంది. సంగతి మాత్రం మన వంటింట్లోదే. గారెలకి పిండి రుబ్బడం అందరూ చూసే ఉంటారు. మినప్పప్పు రుబ్బాక మా అమ్మ ఆ పిండిని చేత్తో అదే పనిగా గిలక్కొట్టేది. భుజం నొప్పి పుట్టేదాకా కొట్టేది. తర్వాత గోళీ అంత ఉండ తీసి గిన్నెడు నీళ్లలో వేసేది. తేలిందా, బాణలి పొయ్యి మీదికెక్కేది. మునిగిందా, ఇంకో పది నిమిషాలు కొట్టుడే. పిండిలో గాలి సరిపడా చేరిందో లేదో చూసుకోవడానికి ఆవిడ పెట్టుకున్న పరీక్ష అది. మనం ల్యాబులో గిన్నెడు పచ్చి కాంక్రీటుని తూచి, ఉండాల్సిన బరువు కంటే ఎంత తక్కువుందో చూసి గాలి లెక్క కడతామే, అదీ ఇదీ ఒకటే పని.

బయట వరండాలో ఇద్దరు కుర్రాళ్లు చిన్న మిక్సరు తిప్పుతున్నారు. రోబో శాండు, 20 ఎంఎం కంకర, స్లాగ్ సిమెంటు (ఇనుము తీసేటప్పుడు మిగిలే చిట్టెం కలిపినది), చిటికెడు గాలిమందు, అంటే బుడగల్ని నిలబెట్టే మందు. నేను మాట్లాడటం అయ్యేసరికి దాన్ని గాలి మీటరులో పెట్టి ముల్లు ఎక్కడ ఆగుతుందో చూద్దాం. ఈలోగా మీ అంచనా కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. కాంక్రీటులో గాలి ఎప్పుడూ ఉంటుంది. వైబ్రేటరు సరిగ్గా పెట్టకపోతే చిక్కుకునే గాలి ఒక రకం. బఠాణీ గింజంత, ఒక్కోసారి రేగిపండంత, వంకరటింకరగా ఉంటుంది. సెంట్రింగు విప్పాక పక్కన కనపడే గుంటలు అవే. బాగా కూరిన మామూలు కాంక్రీటులో కూడా కొంచెం మిగులుతుంది, 20 ఎంఎం కంకరకి 1 శాతం అని కాంక్రీటు పాళ్లకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10262 లెక్కలో వేసుకోమంటుంది. ఇవాళ్టి మన విషయం అది కాదు. మనం మందు వేసి కావాలని పుట్టించే బుడగలు వేరు. గుండ్రంగా, ఒకదానికొకటి అంటకుండా, చాలావరకు కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. ఎంత చిన్నగానో చెప్తాను. ఒక ఘనపు మీటరు కాంక్రీటులో 5 శాతం గాలి అంటే 50 లీటర్లు. ఒక్కో బుడగ మిల్లీమీటరులో పదో వంతు ఉందనుకుంటే, ఆ 50 లీటర్లలో దాదాపు తొమ్మిదిన్నర వేల కోట్ల బుడగలు పడతాయి. ఇంటికెళ్లాక కాగితం మీద వేసి చూడండి, నేను కోతలు కొయ్యట్లేదు.

మందు చేసే పని కుంకుడు రసం చేసే పనే. (బల్ల మీది సీసా చూపిస్తూ) పొద్దున మా ఇంట్లో కొట్టి నానబెట్టిన కుంకుడుకాయలివి. ఊపుతున్నాను, చూడండి. నురుగు వచ్చింది. ఉత్తి నీళ్లు ఊపినా బుడగలు వస్తాయి, కానీ వచ్చినవి వచ్చినట్టే పగిలిపోతాయి. కుంకుడు రసంలోది బుడగ చుట్టూ పొరలా కట్టుకుని దాన్ని పగలనివ్వదు. గాలిమందూ అంతే. గాలిని అది తయారు చెయ్యదు. గాలి మిక్సరు తిరిగేటప్పుడు వస్తుంది, మందు దాన్ని చిన్నచిన్న ముక్కలుగా నిలబెడుతుంది. పైన్ చెట్ల మొదళ్ల నుంచి తీసిన జిగురుతో చేసిన మందులే ఈ రకంలో చాలాకాలం వాడారు.

ఇదంతా ఎవరు కనిపెట్టారయ్యా అంటే, ఎవరూ అనుకుని కనిపెట్టలేదు. 1930ల్లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం వైపు, చలికాలంలో రోడ్లు పెచ్చులూడిపోయేవి. అందులో కొన్ని ముక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. కారణం ఏమిటని చూస్తే ఆ సిమెంటు ఆడించేటప్పుడు మిల్లులో పశువుల కొవ్వు లాంటిది కలిపారు, క్లింకరు, అంటే సిమెంటుగా ఆడించే కాల్చిన గడ్డలు, సులువుగా నలగాలని. ఆ కొవ్వు కాంక్రీటులో బుడగలు పుట్టించింది. చలిదేశంలో ఆ బుడగలే రోడ్డుని కాపాడాయి. నీరు మంచుగా మారితే 9 శాతం ఉబ్బుతుంది. నీటితో నిండిన కాంక్రీటు గడ్డకడితే ఆ ఒత్తిడికి లోపలి నుంచి పగులుతుంది. పక్కనే ఖాళీ బుడగ ఉంటే ఒత్తిడి అందులోకి పోతుంది. 1940ల్లో టి.సి. పవర్స్ అనే శాస్త్రవేత్త ఈ లెక్క తేల్చాడు. గాలి ఎంత ఉంది అన్నదొక్కటే చాలదు, బుడగకీ బుడగకీ మధ్య దూరం ముఖ్యం అన్నాడు. సిమెంటు ముద్దలో ఏ చుక్క నీటికైనా సుమారు 0.2 మిల్లీమీటర్ల లోపు ఒక బుడగ దొరకాలి. ఒకటే పెద్ద బుడగ పెట్టి శాతం సరిపోయిందంటే కుదరదు. ఊరికంతటికీ ఒకే చెరువు ఉంటే చివరింటివాడు ఎంతదూరం నడవాలి? ప్రతి వీధికీ ఒక బావి ఉండాలి.

సరే, ఇది వాళ్ల కథ. ఇక్కడ మనకి మంచేది? డిసెంబరు రాత్రి బీచ్ రోడ్డులో స్వెట్టరు వేసుకుంటే మనల్ని చూసి నవ్వుతారు. గడ్డకట్టే చలి లేని ఊళ్లో చలికి పుట్టిన మందు ఎందుకు? ఇవాళ నేను చెప్పేదంతా దీనికి జవాబే. చాలాచోట్ల అక్కర్లేదు. కొన్నిచోట్ల చిటికెడు వేస్తే మంచి పని చేస్తుంది. ఒకేఒక్క చోట పూర్తి మోతాదు కావాలి, ఆ చోటు మన విశాఖలోనే ఉంది, అక్కడే మనవాళ్లు మర్చిపోతున్నారు. అది చివర్లో.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. గాజువాక వైపు ఒక గోడౌన్ ఫ్లోరు. డ్రాయింగులు ఎక్కడో చలిదేశంలో తయారై వచ్చాయి. స్పెసిఫికేషన్‌లో గాలి 5 నుంచి 6 శాతం అని ఉంది. చదివాను, సంతకం పెట్టాను. ఎందుకు అని అడగలేదు. ఏప్రిల్ నెల. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాల్సిన పోత, మొదటి లారీ రావడమే తొమ్మిదింటికి. మధ్యాహ్నం పడమటి గాలి తిరిగింది. పైన చూస్తే ఎండినట్టుంది, కాలు పెడితే అచ్చు పడట్లేదు. పవర్ ట్రోవెల్, అంటే పైన రుద్ది నునుపు చేసే మిషను, దింపేశాం. కుర్రాళ్లు అద్దంలా మెరిపించారు. ఓనరు వచ్చి భుజం తట్టి వెళ్లాడు.

మర్నాడు పొద్దున గోనెపట్టాలు తీసి చూస్తే ఫ్లోరు మీద పూరీలు పొంగినట్టు ఉబ్బులు. రూపాయి బిళ్లంతవి కొన్ని, అరచేయంతవి కొన్ని. ఇనుప చువ్వతో తడితే డొల్ల శబ్దం. గోరుతో లేపితే 3 మిల్లీమీటర్ల మందాన పెంకు ఊడొస్తోంది. జరిగిందేమిటంటే, పై పొర ఎండకీ గాలికీ ముందే బిగిసింది. కింద కాంక్రీటు ఇంకా పచ్చిగానే ఉంది, అందులోంచి గాలీ నీరూ పైకి వస్తున్నాయి. మేము పైన ఉక్కు బ్లేడుతో రుద్ది మూత వేసేశాం. వచ్చే గాలి మూత కింద చేరి పరుచుకుంది. ఉక్కు ట్రోవెల్‌తో గట్టిగా నునుపు చేసే ఫ్లోరుకి గాలి 3 శాతం దాటకూడదని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే రాశారు. గాలిమందు పుట్టిన దేశంవాళ్లే అన్నమాట. అది నేను తర్వాత చదివాను. ఫ్లోరు చెక్కి మళ్లీ పొర వెయ్యడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ఓనరు భుజం తట్టలేదు.

ఇప్పుడు బలం సంగతి. నీళ్లు, సిమెంటు నిష్పత్తి మార్చకుండా గాలి ఒక్క శాతం పెంచితే బలం సుమారు 5 శాతం పడుతుంది. 4 శాతం అదనంగా పెడితే ఐదో వంతు పోయినట్టే. బలం పరీక్షకి పోసే దిమ్మ, అదే క్యూబు, 38 మెగాపాస్కల్స్ రావాల్సింది 30కి దిగుతుంది. ఆ లోటు పూడ్చడానికి సిమెంటు పెంచుతాం. సిమెంటు పెరిగితే వేడి పెరుగుతుంది. మన ఎండల్లో వేడి పెంచుకోవడమంటే మండేదాంట్లో నెయ్యి పొయ్యడమే. అందుకే ఎం30, ఎం35 (28 రోజులకి 30, 35 బలం రావాల్సిన గ్రేడులు) స్తంభాలకీ బీములకీ మన ఊళ్లో గాలి కావాలని పెట్టడం దండగ అంటాను. గాలి వల్ల మిశ్రమం మెత్తబడుతుంది కాబట్టి నీళ్లు తగ్గించుకోవచ్చు, దానితో కొంత బలం తిరిగొస్తుంది నిజమే. సిమెంటు ఎక్కువున్న మిశ్రమాల్లో తిరిగొచ్చేది తక్కువ, పోయేదే ఎక్కువ.

సిమెంటు తక్కువున్న మిశ్రమాల్లో లెక్క తిరగబడుతుంది. పునాది కింద పరిచే ఊచల్లేని కాంక్రీటు, అదే పీసీసీ, పెద్ద పెద్ద దిమ్మెలు, రిటైనింగ్ గోడల లాంటివి. వాటిలో ముద్ద తక్కువ, కంకర ఎక్కువ. పార పెడితే గరగరమంటుంది, నీళ్లు ఒకవైపు, రాళ్లు ఒకవైపు పోతాయి. అక్కడ ఒక 3 శాతం గాలి ఉంటే, ఆ బుడగలు సన్న ఇసుక చేసే పని చేస్తాయి. నేల మీద ఆవాలు ఒలికితే కాలు ఎలా జారుతుందో, కంకర రాయి పక్క రాయి మీద అలా జారుతుంది. నీళ్లు తగ్గించుకోవచ్చు, నీరు పైకి ఊరడం తగ్గుతుంది. బలం పడిపోదు, ఒక్కోసారి కొంచెం పెరుగుతుంది కూడా.

రోబో శాండు వచ్చాక ఈ అవసరం మన సైట్లలో పెరిగింది. నది ఇసుక గింజ గుండ్రంగా ఉండేది. రాయి పగలగొట్టి చేసిన ఇసుక గింజకి కోణాలుంటాయి. స్లంపు, అంటే పచ్చి కాంక్రీటు ముద్ద ఎంత జారిందన్న కొలత, చూస్తే 100 ఎంఎం చూపిస్తుంది, పోస్తుంటే మాత్రం మొండికేస్తుంది. మనవాడేం చేస్తాడు? పైపు తిప్పి ఇంకో బకెట్ నీళ్లు పోస్తాడు. ఆ బకెట్ నీళ్ల కంటే 1 శాతం గాలి వెయ్యి రెట్లు నయం. గ్రేడింగు సరిచెయ్యడం అన్నిటికంటే నయం, అది వేరే మాట.

ఇక వేడిలో గాలిని నిలబెట్టడం ఎంత తలనొప్పో. కాంక్రీటు వేడెక్కేకొద్దీ అదే మోతాదు మందుకి వచ్చే గాలి తగ్గిపోతుంది. జనవరిలో సరిపోయిన మోతాదు మేలో సరిపోదు. ఐఎస్ 7861 లెక్కలో బయటి వాతావరణం గానీ, పోసేటప్పటి కాంక్రీటు గానీ 40 డిగ్రీలు దాటితే వేడి వాతావరణంలో కాంక్రీటు పని కిందకి వస్తుంది. మన సముద్రపు ఒడ్డున థర్మామీటరు ఆ అంకె తరచుగా చూపించదు కాబట్టి మనకి సంబంధం లేదనుకుంటారు. కంకర కుప్ప మీద చెయ్యి పెట్టి చూడండి. మధ్యాహ్నం రెండింటికి ఆ చెయ్యి అక్కడ ఉంచలేరు. ఆ కంకరే మిక్సరులోకి పోతోంది. కుప్ప మీద నీళ్లు చల్లడం, నీడ వెయ్యడం, పోత రాత్రికి మార్చుకోవడం... వీటికి అయ్యే ఖర్చెంత?

సిమెంటుతో కలిపే థర్మల్ ప్లాంటు బూడిద, ఫ్లై యాష్, ఇంకో తిరకాసు. అందులో కాలకుండా మిగిలిన బొగ్గు ఉంటే అది గాలిమందుని పీల్చేస్తుంది. ఇవాళ్టి లోడులో బొగ్గు తక్కువ, రేపటి లోడులో ఎక్కువ ఉందనుకోండి. మందు మీరు మార్చలేదు, గాలి మాత్రం 5 నుంచి 2కి పడింది. తర్వాత ప్రయాణం. ప్లాంటు దగ్గర కొలిస్తే ఒక అంకె. లారీ ఎన్ఏడీ జంక్షన్ దాటుకుని ట్రాఫిక్‌లో గంటన్నర తిరిగి వచ్చాక ఇంకో అంకె. పంపు దాటాక మూడో అంకె. కొలవాల్సింది చివరిదే, పోసేచోట. ప్లాంటు రిపోర్టు చూపించి "సార్, 5 ఉంది" అంటే, పెళ్లిచూపులనాటి ఫొటో చూపించి ఇప్పుడూ అలాగే ఉన్నానన్నట్టు ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. గాలి ఉన్న కాంక్రీటులో నీరు పైకి ఊరడం తగ్గుతుందన్నాను. చల్లటిచోట అది మంచిదే. మేలో పొడి పడమటి గాలి కొడుతుంటే అదే ఇబ్బంది. స్లాబు పైన ఆరిపోయే నీటికి బదులు కింద నుంచి నీరు రాదు. రెండు గంటల్లో పైన కోడికాళ్లలాంటి పగుళ్లు. కాబట్టి గాలి వేసిన స్లాబుని పోసిన వెంటనే కప్పాలి. మర్నాడు పొద్దున తడుపుదాంలే అంటే అప్పటికే పగుళ్లు వచ్చి ఉంటాయి.

ఇప్పుడు మీలో చాలామందికి రోజూ పనికొచ్చేది చెప్తాను. మనం పిలవకపోయినా వచ్చే గాలి. ఇప్పుడందరూ వాడే పీసీఈ రకం సూపర్ ప్లాస్టిసైజర్లకి (నీళ్లు పెంచకుండా కాంక్రీటుని పల్చబరిచే మందులు) నురుగు కట్టే గుణం ఉంది. అందుకని తయారీదారులు అందులో నురుగు విరిచే మందు కూడా కలుపుతారు. డ్రమ్ము నెలల తరబడి ఎండలో కదలకుండా ఉంటే ఆ విరుపు మందు విడిపోయి పైకి తేలొచ్చు. కింది కుళాయి నుంచి పట్టుకుంటే విరుపు మందు లేని మందు వస్తుంది. మధురవాడ వైపు ఒక సైట్‌లో ఎం30 క్యూబులు వరసగా 24, 25 వచ్చాయి. సిమెంటు కంపెనీని తిట్టారు, ఇసుకని తిట్టారు, క్యూబులు నింపిన కుర్రాణ్ణి అయితే ఏకంగా మానిపించబోయారు. నేను వెళ్లి ముందు అడిగింది తక్కెడ.

150 ఎంఎం క్యూబు ఘనపరిమాణం 3.375 లీటర్లు. మామూలు కాంక్రీటు ఘనపు మీటరుకి 2400 కిలోలనుకుంటే క్యూబు 8 కిలోల 100 గ్రాములు ఉండాలి. అక్కడివి 7 కిలోల 600 గ్రాములున్నాయి. 6 శాతం తక్కువ! ఆ లోటు గాలిదే. డ్రమ్ముని కర్రతో బాగా తిప్పించి, మళ్లీ ట్రయల్ పోయించాం. బరువు తిరిగొచ్చింది, బలం తిరిగొచ్చింది. ఆ కుర్రాడి ఉద్యోగం కూడా నిలబడింది. ఈ పరీక్షకి పరికరం కొనక్కర్లేదు. క్యూబు విరగ్గొట్టే ముందు తూచి రిజిస్టరులో రాయండి. రాసే కాలమ్ మీ దగ్గర ఉంది, చాలామంది అన్నిటికీ 8.1 అని ముందే నింపేస్తారు. నవ్వకండి, ఆ రిజిస్టర్లు నేను చూశాను.

సరే, ఇందాక మాటిచ్చిన ఆ ఒక్కచోటు. విశాఖలో మంచు ఎక్కడుంది? ఫిషింగ్ హార్బరు దగ్గర ఉంది. ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో. నిల్వ గది మైనస్ 18, అంతకంటే కింద. రొయ్యల్ని గబుక్కున గడ్డకట్టించే గది మైనస్ 40 దాకా పోతుంది. గది నడిమధ్య నేల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది, దానికి పెద్ద బాధ లేదు. బాధంతా గుమ్మం దగ్గర. తలుపు తీసిన ప్రతిసారీ మన తేమ గాలి లోపలికి పోయి నేల మీద నీరవుతుంది, తలుపు వేస్తే గడ్డకడుతుంది. ట్రాలీ చక్రాల నుంచి కారే నీళ్లు, కడిగిన నీళ్లు, అందులో ఉప్పు. న్యూయార్క్ రోడ్డుకి ఒక చలికాలంలో పడే దెబ్బలు మన గుమ్మానికి కొన్ని వారాల్లో పడతాయి.

అలాంటి ఒక గుమ్మం చూడ్డానికి వెళ్లాను. ఎక్కడని అడగొద్దు. మిగతా ఫ్లోరంతా బాగుంది, గుమ్మానికి అటూ ఇటూ మీటరు మేర కంకర పళ్లు బయటపెట్టి నవ్వుతోంది. ట్రాలీ అక్కడికి రాగానే గడగడలాడి, పై ట్రేలోంచి రెండు రొయ్యలు కింద పడ్డాయి. వాళ్లు రెండుసార్లు ఎం40తో ప్యాచ్ వేశారు, రెండుసార్లూ లేచిపోయింది. బలం పెంచారు గానీ నీరు ఉబ్బడానికి చోటు ఇవ్వలేదు. ఐఎస్ 456లో దీనికి స్పష్టంగా ఉంది. తడిగా ఉండి గడ్డకట్టి కరిగేచోట ఎం50 కంటే తక్కువ గ్రేడు వాడితే, 20 ఎంఎం కంకరకి గాలి 5 శాతం, ఒకటి అటూ ఇటూ. 40 ఎంఎంకి 4 శాతం, ఒకటి అటూ ఇటూ. ఇదీ మన ఊళ్లో పూర్తి మోతాదు పెట్టాల్సిన చోటు. నునుపు చెయ్యకండి, చెక్క ఫ్లోటుతో వదిలేయండి. అక్కడ నునుపుంటే మనుషులు కూడా జారిపడతారు. ఇంకోటి, గది కింద మట్టే గడ్డకట్టి ఫ్లోరుని పైకి ఎత్తేస్తే దానికి గాలి బుడగలు ఏమీ చెయ్యలేవు. దానికి కింద ఇన్సులేషను, గాలి ఆడే పైపులు ఉండాలి.

నా మాట ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, లంబసింగిలో సున్నా డిగ్రీల దాకా వస్తుంది కదా. అక్కడ కట్టే రిసార్టులకి గాలి అక్కర్లేదా?)

మంచి ప్రశ్న. నేను ఎదురుచూస్తున్నదే. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి వచ్చేది ఏడాదిలో కొన్ని తెల్లవారుజాములే. గడ్డి మీద మంచు పేరుకుంటుంది, ఎనిమిదింటికల్లా ఎండొస్తుంది. కాంక్రీటు దెబ్బ తినాలంటే రెండూ ఒకేసారి కావాలి. లోపలి రంధ్రాలు నీటితో నిండి ఉండాలి, ఆ నీరు లోపలే గడ్డకట్టాలి, అదీ మళ్లీ మళ్లీ. ఆ కొద్దిసేపటి చలి కాంక్రీటు లోపలికి దిగదు. రోహతాంగ్, లేహ్ అంటే తప్పకుండా వేస్తాను. లంబసింగిలో ఆ డబ్బుతో మంచి కంకర కొనుక్కోండి.

(ఒక మహిళా ఇంజినీరు: మాది లాసన్స్ బే కాలనీ సార్. బాల్కనీ స్లాబులు కింద నుంచి పెచ్చులూడి ఊచలు బయటపడుతున్నాయి. కొత్తగా పోసేటప్పుడు గాలి వేస్తే ఉప్పుగాలికి తట్టుకుంటుందా?)

లేదమ్మా. ఇది గట్టిగా చెప్పాలి. ఈ బుడగలు ఒకదానికొకటి కలవవు కాబట్టి వాటి వల్ల ఉప్పు లోపలికి కొత్త దారి ఏమీ పడదు. నీరు ఊరడం తగ్గి, ఆ నీటి దారులు తగ్గినంత మేరకు కాస్త మేలు కూడా. అంతమాత్రాన అది ఉప్పుకి మందు కాదు. మీ బాల్కనీకి జబ్బు చేసింది కవర్ దగ్గర, అంటే ఊచ మీద ఉండే కాంక్రీటు మందం దగ్గర. ఐఎస్ 456 ప్రకారం సముద్రతీరపు గాలి తగిలే కాంక్రీటు తీవ్రమైన వాతావరణం కిందకి వస్తుంది. కనీసం ఎం30, నీళ్లు సిమెంటులో 0.45 వంతు దాటకూడదు, కవర్ 45 ఎంఎం. అలల తుంపర నేరుగా పడేచోట ఎం35, 50 ఎంఎం. మన కాలనీల్లో పాత బాల్కనీలు చెక్కి కొలిస్తే చాలాచోట్ల నాకు 15 దొరికింది. కవర్ బ్లాకు బదులు కంకర రాయి పెట్టి ఊచ ఎత్తినవి కూడా ఉన్నాయి. స్లాగ్ కలిసిన సిమెంటు ఉప్పుని బాగా అడ్డుకుంటుంది, స్టీల్ ప్లాంటు ఉన్న ఊళ్లో మనకి స్లాగుకి కరువు లేదు. దాన్ని మామూలు సిమెంటు కంటే ఎక్కువ రోజులు తడపాలి, అక్కడ మాత్రం బద్ధకించొద్దు.

(ఒక పెద్ద వయసు మేస్త్రి: బాబూ, రోబో శాండుతో మాలు బరగ్గా ఉంటంది. గోడకి పట్టదు. మా కుర్రోళ్లు కొంతమంది బట్టల సబ్బు పొడి ఏస్తన్నారు. మెత్తగానే వత్తంది. తప్పేటి?)

మేస్త్రి గారూ, మీరు నిజం చెప్పారు, చాలామంది చెప్పరు. మీ కుర్రాళ్లు చేస్తున్నది గాలి ఎక్కించడమే. మెత్తగా రావడం కూడా అందుకే. రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఎంత వేస్తే ఎంత గాలి వస్తుందో లెక్క లేదు. పిడికెడు వేస్తే గోడ పూతలో పాతిక శాతం గాలే ఉండొచ్చు, తర్వాత మేకు కొడితే పిండిలా రాలుతుంది. రెండోది, ఆ పొడిలో సబ్బుతో పాటు సోడియం సల్ఫేటు లాంటి ఉప్పులుంటాయి. వాన పడి ఆరాక గోడ మీద తెల్లగా పూసేది అదే. రంగు ఊడిపోతుంది, మిమ్మల్నే పిలుస్తారు. పూత మాలుకని గాలిమందులు డబ్బాల్లో దొరుకుతాయి. సిమెంటు బస్తాకి ఎన్ని మిల్లీలీటర్లో డబ్బా మీదే ఉంటుంది, కొలత మూతతో కొలిచి వెయ్యండి. మెత్తగా ఉంది కదా అని మాలు గంటసేపు మిక్సరులో తిప్పొద్దు, గాలి ఇంకా పెరిగిపోతుంది.

(మేస్త్రి: కుంకుడు రసం ఎయ్యొచ్చా మరి?)

(నవ్వు) వెయ్యొద్దండి. చూపించింది నేనే, తప్పు నాదే. ఒక చెట్టు కాయలో ఉన్నంత నురుగు ఇంకో చెట్టు కాయలో ఉండదు. తలకి పోసుకోండి.

రా బాబూ, మీటరు తెచ్చారా? బల్ల మీద పెట్టండి. అందరూ చూడండి. గిన్నెలో మూడు పొరలుగా నింపారు, పొరకి పాతిక పోట్లు, పక్కన సుత్తితో తట్టారు. అంచు శుభ్రంగా తుడువు, ఒక్క ఇసుక గింజ ఉన్నా గాలి కారిపోతుంది. ఇప్పుడు మూత బిగించు, ఎదురెదురుగా ఉన్న క్లాంపులు జతగా. ఈ చిన్న కుళాయి నుంచి నీళ్లు పొయ్యి, అవతల కుళాయి నుంచి బుడగల్లేకుండా వచ్చేదాకా. సరే. పంపు కొట్టు, ముల్లు ఆ గీత దగ్గరికి రానీ. ఇంకొంచెం. చాలు. కుళాయిలు రెండూ మూసెయ్. ఇప్పుడు మీట నొక్కు, గిన్నెని సుత్తితో తట్టు, డయల్ మీద వేలితో కొట్టు, ముల్లు బిగిసి ఉంటుంది.

3.4. మన కంకర లోపలి రంధ్రాల కోసం 0.3 తీసెయ్యాలి, పొద్దున ఉత్తి కంకరా ఇసుకతో కొలిచి పెట్టుకున్నాం. 3.1 అన్నమాట. నేను 3 అనుకున్నాను. జేబులో కాగితాలు తీయండి, దగ్గరగా ఎవరున్నారు? అమ్మా, మీరు 3.2 రాశారా? మేస్త్రి గారు ఏం రాశారు... 3! చూడకుండా, పార చప్పుడు వినే చెప్పారట.

ఆ గిన్నె వెంటనే కడిగెయ్యండి బాబూ. మాటల్లో పడి మర్చిపోతే అందులోనే గట్టిపడుతుంది, ఈ మీటరు నాది కాదు, సాయంత్రం తిరిగి ఇవ్వాలి.